అరనిమిషానికో చుక్క

“చనిపోయిన మనిషి రోజూ పొద్దున ఆరున్నరకు రేడియోలో మాట్లాడుతున్నాడు కరిముల్లా. నీకు తెలిసిన మనిషే.”

చీఫ్ జీవరత్నం టేప్ రికార్డర్ బటన్ నొక్కాడు. గవర్నర్‌పేటలో టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనక నడిచే గూఢచారి బ్యూరో ఆఫీసు అది. కింద పిల్లలు కొడుతున్న టైపు మిషన్ల టకటకల మధ్య, పైగదిలో మోర్స్ కోడ్ మొదలైంది. మోర్స్ అంటే చుక్కలూ గీతలే. కానీ కొట్టే చేతికి చేతిరాతలాగే ఒక తీరుంటుంది. ఈ చెయ్యి ప్రతి మాటలోనూ చివరి గీతను కాస్త సాగదీస్తోంది.

పన్నెండేళ్ళ సర్వీసులో రెండుసార్లు తుపాకీ గుండు తగిలీ బతికిన కరిముల్లాకు ఆ గీత వినగానే ముచ్చెమటలు పట్టాయి.

“శౌరయ్య గారు,” అన్నాడు.

“స్టేషన్ పేరుగా వస్తున్న కాల్‌సైన్ ఆయనదే. మధ్యలో ఉన్నవి అంకెల కోడ్. 1990 మే తుఫానులో పోయిన మనిషి 2004 ఆగస్టులో కోడ్ పంపడమేంటయ్యా?”

“పంపేది ఎవరు సర్?”

“ఫారిన్ విద్రోహుల రింగ్. లీడర్ పేరు వాల్డెన్. కొండపల్లి బొమ్మల ఎక్స్‌పోర్టర్ వేషంలో ఉన్నాడు. టార్గెట్ కృష్ణా పుష్కరాలు. ప్లాన్ తెలియదు. రింగ్‌లో మనకో మనిషి ఉంది, కోడ్ నేమ్ చిలక. మనకెంత చెబుతోందో వాళ్ళకూ అంతే చెబుతోందని నా అనుమానం. రేపు ఎనిమిదిన్నరకు కొండపల్లిలో కలుస్తుంది.”

“నా కవర్?”

“హామ్ రేడియో వాలంటీర్. ఘాట్ల దగ్గర తప్పిపోయినవాళ్ళ పేర్లూ అంబులెన్స్ కబుర్లూ అందిస్తున్నది వాళ్ళే. నువ్వొకప్పుడు నిజంగానే హామ్‌వి కదా.”

కరిముల్లా భయపడింది సరిగ్గా దానికే. సాధువు వేషం వేశాడు, షేక్ వేషం వేశాడు. తన వేషం తాను వేయాల్సి వస్తుందని అనుకోలేదు.

1990 మే తొమ్మిది. డెల్టాలో ఫోన్ లైన్లన్నీ తెగిపోయాయి. ఇరవై ఆరేళ్ళ కరిముల్లా విజయవాడలో హామ్‌ల, అంటే సరదాకు సొంత రేడియో సెట్లు నడిపేవాళ్ళ, కంట్రోలరు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పేది అతనే. తనకు మోర్స్ నేర్పిన శౌరయ్య గారు నాగాయలంక అవతల ఒక బడిలో, లారీ బ్యాటరీ మీద సెట్టు నడుపుతున్నారు. ఆయన పిలిచిన సమయానికి కరిముల్లా బందరు ఆస్పత్రి కబురు రాసుకుంటున్నాడు. “క్యూ ఆర్ ఎక్స్” అని కొట్టాడు. ఆగండి, మళ్ళీ నేనే పిలుస్తాను అని దానర్థం.

కంట్రోలరు ఆగమంటే ఆగాలి. అది హామ్‌ల నియమం. ఆగమన్నాక మధ్యలో దూరేవాడు మనవాడు కాడని నేర్పింది శౌరయ్య గారే. ఆయనకు సొంత అలవాటు ఒకటుండేది. ఆగినంతసేపూ అరనిమిషానికో చుక్క కొట్టేవారు, ఉన్నానులే అన్నట్టు.

ఆ రోజు కబురు వెనక కబురు వచ్చింది. వెనకాల చుక్కలు వినిపిస్తూనే ఉన్నాయి. కరిముల్లా పనిలో పడి మరిచిపోయాడు. అవి ఎప్పుడు ఆగిపోయాయో కూడా గమనించలేదు. బడి పిల్లలందరూ బతికారు. శౌరయ్య గారు కింద గదిలో, సెట్టు దగ్గరే ఉండిపోయారు. ఆయన చెప్పదలచిందేమిటో తెలియలేదు. కరిముల్లా మళ్ళీ మోర్స్ కీ ముట్టుకోలేదు. ఇప్పటికీ గడియారం ముల్లు అరనిమిషం దాటినప్పుడల్లా అతని చెవి దేనికోసమో ఎదురుచూస్తుంది.

మర్నాడు ఉదయం కొండపల్లిలో బొమ్మల షాపు.

“దశావతారాల్లో వామనుడు లేని సెట్టు ఉందా?” అనడిగాడు కరిముల్లా.

“వామనుడు లేకపోతే మూడో అడుగు ఎవరేస్తారండీ?”

సంకేతం సరిపోయింది, చిలక ఈవిడే. ఆమె నెమలికంఠం రంగు సిల్కు చీరలో, నల్లకళ్ళద్దాలతో బొమ్మల వరసల మధ్య నిలబడి ఉంది. వీధరుగు మీద బొమ్మ కోసం పొణికి చెక్క చెక్కుతున్న ముసలాయన కూడా ఉలి ఆపి చూశాడు.

“ఇవాళే. పదింటికి,” అంది ఆమె మెల్లగా. “ముక్త్యాల స్టేషన్ పేరుతో మీ హామ్‌ల రేడియో నెట్‌లో అర్జెంట్ మెసేజ్ వస్తుంది, ఎగువన కట్ట తెగింది, వరద వస్తోంది అని. అసలు ముక్త్యాల ఆయన బ్యాటరీ నిన్ననే మాయమైంది. అయిదు ఘాట్ల దగ్గర మీవాళ్ళు రాసుకుంటారు. అక్షరం మార్చకుండా పక్కనున్న మైకుకి ఇస్తారు. ఇక బాంబులెందుకండీ?”

కరిముల్లాకు మెట్ల నిండా జనం కళ్ళముందు కదిలారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. ఒక్క కేక చాలు, ఒకరి మీద ఒకరు పడి ప్రాణాలు పోవడానికి.

“సెట్టు ఎక్కడ?”

“ఈ ఊళ్ళోనే. రోజుకో గోడౌన్. నాకూ ఆఖరి నిమిషంలోనే చెబుతారు.”

“మెసేజ్ కొట్టేదెవరు?”

ఆమె వేలు బల్ల మీద చుక్కలు తట్టి, గీతలు గీసింది. చివరి గీత సాగింది.

“నేనే. జెస్సికా. శౌరయ్య గారి అమ్మాయిని.” కళ్ళద్దాలు తీసింది. “వాడకంలో లేని కాల్‌సైన్ ఒకటి చెప్పమన్నాడు వాల్డెన్. మా నాన్నది చెప్పాను. వింటే పరిగెత్తుకొచ్చేవాడు ఒకడున్నాడని తెలుసు.”

“అమ్మా...”

“పద్నాలుగేళ్ళండీ. ఒక్కసారైనా మా గడప తొక్కారా?”

“ఏ మొహం పెట్టుకుని రమ్మంటావమ్మా?”

“ఆ మొహంతోనే రావాల్సింది.” ఆమె కళ్ళద్దాలు పెట్టేసుకుంది. “ఇవాళ నేను ఎటువైపో నాకే తెలీదండీ. కీ మీద చెయ్యి పెట్టాక తేలుతుంది.”

కరిముల్లా జేబులో దాచిన చిన్న సెట్టు ద్వారా, బయట జీపులో చీఫ్ ఈ మాటలన్నీ విని తల పట్టుకున్నాడు. ముందే హెచ్చరిద్దామంటే రింగ్ హామ్‌ల ఫ్రీక్వెన్సీ, పోలీసు వైర్‌లెస్ రెండూ వింటోంది. విన్న క్షణంలోనే మెసేజ్ పంపేస్తుంది. అంత జనంలో సెల్‌ఫోన్లు పనిచేయడం లేదు. అయిదు ఘాట్లకూ మనిషి వెళ్ళేసరికి మధ్యాహ్నమవుతుంది.

“నేనిక్కడే తిరుగుతాను,” అన్నాడు చీఫ్. జీపు ముందు అంబారీ ఏనుగు బొమ్మ ఉంది. బ్యూరో ల్యాబ్ వాళ్ళు దాని అంబారీలో దిక్కు పసిగట్టే యాంటెన్నా దాచారు. సిగ్నల్ వచ్చిన వైపు ఏనుగు తల తిప్పుతుంది. “కానీ వాళ్ళు కొడుతుంటేనే ఇది తిరుగుతుంది. మెసేజ్ అయ్యేలోపు నేను దొరకబట్టలేను. నువ్వెలాగైనా ఆపాలి.”

కరిముల్లా దుర్గా ఘాట్ టెంటుకు చేరేసరికి పదికి అయిదు నిమిషాలు. డ్యూటీలో ఉన్నది ఆదెమ్మ గారు, టెలిగ్రాఫ్‌లో రిటైరైన మనిషి.

“ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా కరిముల్లా గారూ? కూర్చోండి, ఇవాళ కంట్రోలరు మీరే,” అంది హెడ్‌ఫోన్ ఒకటి అతనికిస్తూ.

పదింటికి ముక్త్యాల కాల్‌సైన్ వచ్చింది. అర్జెంట్ ఉంది, తీసుకోండి అంటోంది.

ఆదెమ్మ గారి పెన్సిల్ ఆగిపోయింది. “ఈ చెయ్యి ముక్త్యాల వాళ్ళది కాదండీ. ఇది... ఆయన పోయారు కదండీ.”

మిగతా నాలుగు ఘాట్లలో ఉన్నది కొత్తవాళ్ళు. వాళ్ళకు ఆ చెయ్యి తెలియదు. పెన్సిళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

కరిముల్లా కీ మీద చెయ్యి వేశాడు. ఏ మాట కొట్టి ఒక మనిషిని పోగొట్టుకున్నాడో, ఆ మాటే మళ్ళీ కొట్టాలి. క్యూ ఆర్ ఎక్స్. పది నిమిషాలు.

ఆగమన్నాక ఆగకుండా పంపితే కొత్తవాళ్ళు కూడా దొంగ స్టేషనని పసిగడతారు. అది వాల్డెన్‌కు ఆమె చెప్పాలి. చెబుతుందా?

నిశ్శబ్దం. బయట మైకులో గుడివాడ నుంచి వచ్చిన సీతమ్మ ఎక్కడున్నా రావాలని పిలుస్తున్నారు.

అరనిమిషం తర్వాత, టక్. ఒక్క చుక్క.

కరిముల్లా కళ్ళు మూసుకున్నాడు. జేబులో ఉన్న చిన్న సెట్టులో చీఫ్ గొంతు గుసగుసలాడింది. “ఏనుగు ఖిల్లా వైపు చూసింది. ఇంకోటి కావాలి.”

టక్.

“ఎడమకు తిరిగింది. ఇంకోటి.”

ఆదెమ్మ గారు కాగితం మీద ఒక్కో చుక్కకూ ఒక్కో గీత గీస్తోంది. పది, పదకొండు. ప్రాణం పిడికిట్లో పెట్టుకుని వింటున్నాడు కరిముల్లా. ఆ రోజు తాను లెక్కపెట్టనివన్నీ ఇప్పుడు తండ్రి చేతితో కూతురు లెక్కపెట్టిస్తోంది. పదిహేడు. ఆ తర్వాత రాలేదు.

అరనిమిషం దాటింది. నలభై సెకన్లు. యాభై.

హఠాత్తుగా మోర్స్ మొదలైంది. చివరి గీత సాగడం లేదు. అన్ని గీతలూ ఒకే కొలత. చెయ్యి కాదు, మిషన్. ముందే రికార్డు చేసిన టేపు పెట్టేశాడు వాల్డెన్. అర్జెంట్ మార్కు వచ్చింది. ఘాట్ల పేర్లు వచ్చాయి. వరద అన్న మాటలో మొదటి అక్షరం వచ్చింది. రెండోది సగంలో తెగిపోయింది.

చిన్న సెట్టులో పెనుగులాట, ఏదో పగిలిన చప్పుడు, చీఫ్ ఆయాసం. “దొరికారు. టేపు తెంపాను.”

కరిముల్లా గబగబా కొట్టాడు. పై మెసేజ్ రద్దు, ఎవరూ అందించవద్దు. నాలుగు ఘాట్ల నుంచీ సరేనని జవాబొచ్చింది. కింద మెట్ల మీద ఎవరో పిల్లవాడి తల తుడుస్తున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు.

“పిల్లకు నుదురు పగిలింది,” అన్నాడు చీఫ్. “ఆ టక్‌లేంటని వాల్డెన్ అడిగాడట. లైన్లో ఉన్నానని చెప్పకపోతే నమ్మరందట. చివర్లో అనుమానమొచ్చి తుపాకీతో కొట్టాడు. సరే, సంకెళ్ళు వేశాను. ఎటువైపో విచారణలో తేలుస్తాం.”

“తేలింది సర్. ఒక్కసారి ఆమెను సెట్టు దగ్గర కూర్చోనివ్వండి.”

“రూల్స్ ఒప్పుకోవయ్యా.”

“ఆగమన్నాను సర్. నేను పిలవాలి.”

“అయిదు నిమిషాలు,” అన్నాడు చీఫ్.

కరిముల్లా ముక్త్యాలను పిలవలేదు. శౌరయ్య గారి కాల్‌సైన్ కొట్టాడు. ఆలస్యమైంది, చెప్పండి, అన్నాడు.

చివరి గీత సాగదీసే చెయ్యి జవాబిచ్చింది. సంకెళ్ళ వల్ల మెల్లగా వస్తోంది. ఆదెమ్మ గారు ఫారం మీద రాసింది.

“కరిముల్లాకు. పిల్లల్ని డాబా ఎక్కించాను. నీళ్ళు గడప దాకా వచ్చాయి. నాకు తొందర లేదు. ముందు బందరు పని చూడు. వీలైనప్పుడు పిలువు. శౌరయ్య.”

తండ్రి చొక్కా జేబులో దొరికిన కాగితమట అది. పద్నాలుగేళ్ళుగా ఆమె దగ్గరే ఉంది.

కరిముల్లా టెంటు గుంజను పట్టుకుని ఏడ్చాడు. ఆదెమ్మ గారు చూడనట్టే ఫారం నింపుకుంటూ పోయింది. ఒక గడి దగ్గర ఆగింది.

“ఆలస్యానికి కారణం ఏం రాయమంటారు?”

“కంట్రోలరు పనిలో ఉన్నాడని రాయండి.”

ఆమె రాసి, కింద సంతకం చేసి, కాగితం అతని చేతిలో పెట్టింది.

“నా సర్వీసులో ఇంతకంటే ఆలస్యంగా అందినవి చూశాను లెండి,” అని ఆదెమ్మ గారు అబద్ధమాడింది.