పన్నెండో ఒర

శనివారం పొద్దున్నే వెర్లీన్ అద్దం ముందు నిలబడి చిన్నపిల్లలా మురిసిపోతోంది. అరవై నాలుగేళ్ల మనిషి, కొత్త తోలు సంచి భుజానికి తగిలించుకుని అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చూసుకుంది. సంచి పక్కన రహస్యపు అర ఉంది. జిప్పు లాగితే చెయ్యి నేరుగా తుపాకీ పిడి మీదికే పోతుంది. చూసేవాళ్లకి మాత్రం అది మామూలు సంచే.

అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో, నాణేలు వేసి బట్టలుతుక్కునే లాండ్రీ ఆవిడది. మార్చిలో ఒక ఉదయం షాపు తలుపు తీస్తుంటే ఎవడో వెనకనుంచి తోసేసి, భుజానున్న సంచి లాక్కుని పారిపోయాడు. ఆనాటి నుంచి ఆవిడకి గుండెల్లో దడే. తుపాకీ పేల్చడం చేతకాక కాదు, భర్త ఓడెల్ బతికుండగానే నేర్పాడు. ఎవరికీ కనపడకుండా దాన్ని ఒంటిమీద పెట్టుకోవడమే చిక్కయింది. ప్యాంటు నడుము లోపల దోపుకునే తుపాకీ ఒర కూర్చుంటే పొట్టలో గుచ్చుకునేది. కాలికి కట్టుకునేది జారిపోయేది. చంక కింద పట్టీలది వేసుకుంటే గుర్రానికి జీను వేసినట్టే! అలా పదకొండు ఒరలు సొరుగులో పడ్డాయి. ఈ సంచి పన్నెండోది.

"హమ్మయ్య! ఇన్నాళ్లకి!" అనుకుంటూ ఖాళీ తుపాకీతో పదిసార్లు సాధన చేసింది. తర్వాత గుళ్లు నింపి అరలో పెట్టిందో లేదో, వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"అయ్యో, నా పాన్‌కేకులు!"

పరిగెత్తి, సంచి కుర్చీకి తగిలించి పొయ్యి కట్టేసింది. జిప్పు సంగతి మరిచేపోయింది.

అప్పుడే కూతురు ట్రెసా వచ్చింది. జిల్లా పోలీసుల్లో పనిచేస్తుంది. శనివారాలు తన నాలుగేళ్ల పాప జూనీని తల్లి దగ్గర వదిలి డ్యూటీకి పోతుంది.

"ఏమే, నా సంచి చూశావా? తుపాకీ ఎక్కడుందో చెప్పు చూద్దాం!"

ట్రెసా మొహం మాడిపోయింది. "సంచిలోనా? ఎన్నిసార్లు వద్దన్నానమ్మా!"

"నీకేం తల్లీ, చెప్తావు. పొట్ట నీకు లేదుగా!"

"సరే, మార్చిలో వాడు లాక్కుపోయింది ఏంటి? నిన్నా, సంచినా?"

వెర్లీన్ మాడిన పాన్‌కేకుని గరిటెతో గీకసాగింది. ట్రెసా ఊరుకోలేదు.

"ఈసారి తుపాకీ కూడా పళ్లెంలో పెట్టి ఇస్తావా?"

"నీ పోలీసుతనం మీ స్టేషన్లో చూపించు. ఇక్కడ నేను నీ అమ్మని!"

వాళ్ల గొడవలో వాళ్లుండగా జూనీ కుర్చీ ఎక్కింది. చర్చిలో ప్రతి ఆదివారం అమ్మమ్మ సంచిలో చెయ్యి పెట్టి పిప్పరమెంటు బిళ్ల వెతుక్కోవడం దానికి అలవాటు. తెరిచి ఉన్న అరలోకి ఆ చిట్టిచెయ్యి వెళ్లింది.

"అమ్మమ్మా, ఈ పిప్పరమెంటు ఎంత పెద్దగా ఉందో!"

ట్రెసా ఒక్క దూకులో పిల్ల మణికట్టు పట్టుకుంది. మెల్లిగా చెయ్యి బయటికి తీసింది. తుపాకీలోంచి గుళ్లు తీసేసింది. జూనీ భయపడి ఏడుపందుకుంది. తెరిచి ఉన్న జిప్పుని వెర్లీన్ అప్పుడు చూసింది.

"నాకు తుపాకీ అంటే భయం లేదమ్మా," అంది ట్రెసా, పిల్లని ఎత్తుకుంటూ. "పిల్లని ఇక్కడ వదలాలంటేనే భయమేస్తోంది. ఇంక తీసుకురాను."

వెర్లీన్ కళ్ల నీళ్లు జలజలా రాలాయి. "అంత మాటనకే. తప్పు నాదే. ఆ మొదటి ఒర ఎందుకు గుచ్చుకుందో నాకు ముందే తెలుసు. నడుము లోపల పెట్టుకోవాలంటే ప్యాంటు ఒక సైజు పెద్దది కొనుక్కోమని ఒర అమ్మిన కొట్టువాడు మొదటిరోజే చెప్పాడు."

"మరి కొనుక్కోలేదేం?"

"మీ నాన్న... 'పెళ్లినాటి నడుమే నీది' అనేవాడు. పోవడానికి వారం ముందు కూడా అన్నాడు. ఆ సైజు వదిలేస్తే ఆయన మాట కూడా పోతుందనిపించిందే."

ట్రెసా తల్లివైపు వింతగా చూసింది. కోపమంతా ఎటు పోయిందో, ఫక్కున నవ్వేసింది. "పిచ్చి అమ్మా! మన షాపులో నీ బట్టలు ఉతికి మడతపెట్టింది ఎవరు? నాన్నే! రెండుసార్లు దర్జీ దగ్గర నీ ప్యాంట్ల నడుము వదులు చేయించాడు. నీకు చెప్పొద్దని నాకు ఐస్‌క్రీమ్ లంచం కూడా పెట్టాడు!"

"ఓరి దొంగా!" అంది వెర్లీన్, పైనున్న భర్తతో. ఏడుస్తూనే నవ్వింది.

ట్రెసా ఆఫీసుకి ఫోన్ చేసి రెండు గంటలు ఆలస్యమవుతుందని చెప్పింది. తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేసి, ముగ్గురూ బజారుకెళ్లారు. ఒక సైజు పెద్ద ప్యాంటూ, వెడల్పాటి గట్టి బెల్టూ కొని ఇంటికొచ్చారు. సొరుగులోంచి మొట్టమొదటి ఒర తీసి, ట్రెసా తల్లి కుడి తుంటికి కాస్త వెనకగా అమర్చింది.

"కూర్చో. వంగు. గుచ్చుకుంటోందా?"

వెర్లీన్ కూర్చుంది, వంగింది, గిరుక్కున తిరిగింది. "లేదే! అసలు ఉన్నట్టే లేదే!" అని చప్పట్లు కొట్టింది. తర్వాత కొత్త సంచిని టేబుల్ మీద బోర్లించి, పిప్పరమెంట్లు మాత్రం ఏరి మళ్లీ అందులో పోసింది. జూనీ ఒక బిళ్ల నోట్లో వేసుకుని, ఒర లేని ఎడమవైపునుంచి అమ్మమ్మని వాటేసుకుంది.

గుమ్మం దగ్గర ట్రెసా ఆగింది. "వచ్చే శనివారం ఎన్నింటికి తీసుకురమ్మంటావమ్మా?"

"పొద్దున్నే తీసుకురా," అంది వెర్లీన్. మనవరాలి తల మీద చెయ్యి వేసి, మరో చేత్తో కొత్త ప్యాంటు నడుము తడుముకుంది. ఇన్నేళ్లూ ఎవరు వదులు చేయిస్తే తనకి హాయిగా ఉందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.