ఈదమ్మ అలికిన గోడ

గడిలోంచి గబ్బిలాలను వెళ్లగొట్టాలి. దర్వాజాలకు నూనె పట్టించాలి. జపాన్, ఫ్రాన్స్ బొమ్మలు భువనగిరి మీదుగా లారీలో వస్తున్నాయి, పెట్టెలకు తడి తగలకుండా దించుకోవాలి. వెనక గదికి, ఆ వెనకర్రకు, సున్నం వేయించాలి.

పొయ్యి దగ్గర చాయ తాగుతూ కౌసల్య ఇవన్నీ పైకే చెప్పుకుంటోంది. ఆ ఇంట్లో బి.ఏ. చదివిన మొదటి మనిషి ఆమె. దొర పట్నం వెళ్లిపోయాక ఏళ్లుగా తాళం పడి ఉన్న ఆ కోటలాంటి గడిలో, ఈ 1961లో దేశదేశాల కొత్త చిత్రాల ప్రదర్శన పెడుతున్నారు. ఏర్పాట్లన్నీ ఆమెవే. మొదట వచ్చిన పెట్టె విప్పినప్పటి నుంచి ఆమె కళ్లలో ఆ రంగులే తేలుతున్నాయి, నీళ్లలో కరిగే పసుపులా.

"ఎల్లుండి నువ్వు గూడ రావాలె అమ్మా."

"గా గడికా? నేను రాను బిడ్డా. చెప్పులు చేతులవట్టుకొని దాని ముంగట నడిచింది సాలదా?" అంది సాలమ్మ రొట్టె తిప్పుతూ.

"గా రోజులు పోయినయే! వడ్లు పోసే వెనకర్ర ఒక్కటే మిగిలింది. గియ్యాల సున్నమేస్తే అదీ తెల్లగైతది."

సాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వెనకర్రా? గా గోడ అలికింది మా అవ్వ ఈదమ్మనే, నీ అమ్మమ్మ. జరంతోటి వెట్టికి పోయింది. ఇంటికి పోనియ్యుండ్రి అంటే పోనియ్యలే. గోడంత అలికొచ్చి పండుకున్నది, మల్ల లేవలే. ఆమెకు ఫోటువ లేదు. గా గోడ మీద ఆమె చేతి ఏళ్ల గీతలే ఉన్నయి."

"ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?"

"ఏం జెప్పాలె? ఆఫీసరమ్మవైనవ్. వెట్టిదాని మనుమరాలినని చెప్పుకుంటవా?"

"చెప్పుకుంటనే!"

కౌసల్య చాయ వదిలేసి గడికి పరుగెత్తింది. సున్నమేసే ఎల్లేశం కుంచె అప్పటికే సగం గోడ దాటింది.

"ఎల్లేశం, ఆపు! ఆపు!"

మిగిలిన సగంలో, ఎర్రమట్టి మీద వేళ్ల వంపులు ఒకదాని వెనుక ఒకటి. పై కిటికీలోంచి జారిన ఎండలో అవి అలల్లా కదులుతున్నట్టే ఉన్నాయి. పోయిన సగాన్ని కౌసల్య ఒళ్లో పెట్టుకున్న తలను నిమిరినంత మెల్లగా తడిమింది.

ప్రదర్శన రోజు సాలమ్మ వచ్చింది. గడి దర్వాజ దగ్గర, పాత అలవాటుకు, చెప్పులు తీసి చేతిలో పట్టుకుంది. కౌసల్య వాటిని తీసుకుని, వంగి తల్లి పాదాల ముందు పెట్టింది.

"తొడుక్కో అమ్మా."

టపటపమని చెప్పుల చప్పుడుతో సాలమ్మ ఆ రంగుల కలల మధ్య నడిచి, ఒక బొమ్మ ముందు ఆగింది.

"గిదేంది బిడ్డా, మబ్బు పలిగినట్లున్నది?"

"నాకూ తెల్వదే. చూసుకుంట నిలవడాలె, గంతే."

వెనకర్రలో ఏ బొమ్మా వేలాడదీయలేదు. సగం తెలుపు, సగం ఎరుపు గోడ ఒక్కటే ఉంది. సాలమ్మ గుమ్మంలో ఆగి చెప్పులు విడిచింది.

"అమ్మా, మల్లెందుకే?"

"ఈడ ఎవ్వలూ ఇడువమనలే బిడ్డా. నేనే ఇడుస్తున్న."

ఆ వంపుల్లో తన వేళ్లు ఆనించి ఏడ్చింది. ఆమె చేతి పక్కనే కూతురి చెయ్యీ చేరింది.

ఎప్పుడైనా పాత గడిలో బొమ్మలు చూడబోతే, వాటి వెనుకనున్న గోడను కూడా ఒక్క క్షణం చూడండి. ఈదమ్మను తలచుకోండి.