మూడో పిలుపు

తంగళ్ళపల్లి చివరున్న పరశురాములు పాత ఇంటి పేరెత్తితే పోరగాళ్లు గూడ గప్‌చుప్ అయితరు. ఆయన పోయి ఏడేండ్లాయె, ఇల్లు బూజు పట్టిపాయె. ఇగ ఈ ఎండకాలం నుంచైతే రాత్రిపూట లోపట టక్... టక్... మని సప్పుడు. పొద్దుగాల చూస్తే ఏసిన తాళం ఏసినట్టే ఉంటది.

దీనికంతటికి సామేలే కారణమన్నరు. సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడుపుకునేటోడు, గా ఇల్లు అగ్గువకు వస్తుందని కొన్నడు. అప్పటికి పెండ్లాం విజయకు ఐదో నెల, కిరాయి అర్రేమో కాన్పు లోపల్నే ఖాళీ చెయ్యాలె. మేస్త్రిని పెట్టే స్తోమత యాడిది? ఫోన్ల వీడియోలు చూసి తానే బాగు చేసుకుందామని గోడకు గడ్డపార ఆనిచ్చిండు. పర్మిషన్ లేదని పంచాయితి సార్లు అచ్చి ఆపిండ్రు. పాపం, మూడు నెలలు తిరిగిండు. ఒకనాడు రశీదు లేదంటరు, ఇంకోనాడు ప్లాను తప్పంటరు. ఆఖరుకు తాళమేసి, ఇగ నాతోని కాదని చేతులెత్తేసిండు. ఊకున్న దెయ్యాన్ని లేపిపోయిండని ఊరు తిట్టింది.

పోచయ్య మేస్త్రికి గీ సంగతంత ఎరికే. నడిమి గోడ తియ్యచ్చునో లేదో ఒక్కసారి చూసిపొమ్మని సామేలు ఆయన కాళ్లావేళ్లా పడ్డడు. పర్మిషన్ కాయితం తెస్తేనే అస్తనన్నడు పోచయ్య. కాయితం లేని పనికి పోయి ఓసారి సామాన్లన్నీ పోగొట్టుకున్నోడు, ఆయన భయం ఆయనది.

ఒక రాత్రి పోచయ్య బోయినపల్లిల స్లాబు పని ముగించుకొని, బస్సు దిగి ఒక్కడే నడిచి వస్తున్నడట. కరెంటు లేదు. గా ఇంటి ముందటికి రాంగనే ఆయనకు దగ్గు అచ్చింది... లోపట సప్పుడు ఆగింది.

"పోచయ్య మామా..."

కిటికీల నుంచి సన్నటి గొంతు. పోచయ్యకు అవ్వ మాట యాదికొచ్చింది. దెయ్యం రెండుసార్లే పిలుస్తదని, మూడోసారి పిలిస్తేనే మనిషని, అందాక పలుకద్దని వాళ్లవ్వ చిన్నప్పుడే చెప్పింది.

"మామా... ఒక్కమాట..."

రెండు. ఉన్నకాడనే నిలవడ్డడు. మూడో పిలుపు వస్తదేమోనని చెవులు రిక్కించిండు... రాలే.

ఇగ చూస్కో — చెప్పులు చేతవట్టుకొని ఒకటే ఉరుకుడు! మూల మలిగేటప్పుడు ఎనుక దభేల్‌మని కూలిన సప్పుడు. తిరిగి చూస్తే ఒట్టు. ఇంట్ల వడి పెట్టుకున్న గడియ తెల్లారేదాక తియ్యలే.

తెల్లారి ఊరంతా గాడనే. ముందటి తలుపుకు తాళం అట్లనే ఉంది. ఎనుక దొడ్డి నుంచి పోయి చూస్తే నడిమి గోడతోపాటు సగం కప్పు కూలిపడ్డది. ఇటుకల కింద సామేలు... రాత్రంతా గట్లనే ఉన్నడు. నడుము కింద ఒళ్లు కదల్తలేదు. పోచయ్యను చూసి మెల్లగ నోరు తెరిచిండు.

"దగ్గు ఆనవాలు వట్టి పిలిచిన మామా... గీ గోడ తియ్యచ్చునా అని అడుగుదామని. ఇంకోసారి గట్టిగ పిలుద్దునంటే... దొంగతనంగ పని చేస్తున్నట్టు నలుగురికి తెలుస్తదని భయమైంది."

గా గోడ మీదనే కప్పంత ఆగి ఉండె. వచ్చి చూసుంటే పోచయ్య ఒక్క చూపుల చెప్తుండె. ఇటుకల మీదనే కూలబడ్డడు.

గిప్పుడు పోచయ్యను ఎవలు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతడు. రాత్రయితే... ఎవ్వలు పిలువకున్నా మంచం మీద లేసి కూసుంటడు.

"ఆ... అస్తున్న అల్లుడా. గోడ ముట్టకు" అంటడట.