కొండగదిలో గుండెచప్పుడు

ఆదోని శివార్లలో కొండను తొలిచి కట్టిన ఆ గదిలోకి లారీల మోత రాదు, ఎండ వేడి చేరదు. అందుకే సాదియా తన ప్రయోగాన్ని అక్కడ పెట్టుకుంది. ఆమెతో పనిచేసే మంజునాథ్‌ది కోసిగి. ఆమెకు తమ్ముడి లెక్క.

గాలి తీసేసిన ఉక్కు డబ్బాలో, సాలెపోగుకన్నా పలచని ఒక పొర. దానిమీద లేజర్ వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి అదెంత వణుకుతోందో కొలవాలి. పొరను చల్లబరిచి చల్లబరిచి, ఆ వణుకును ప్రకృతి ఒప్పుకునే చివరి అంచుదాకా అణచాలి. అంత సున్నితమైన చోట చూడడం కూడా తాకడమే. వెలుగు సోకినా పొర ఉలిక్కిపడుతుంది.

ఏళ్లుగా కుదరనిది ఆ మధ్యాహ్నం కుదిరింది. పొర వణుకును వినిపించే స్పీకర్లో ఎప్పుడూ ఉండే గరగర సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. సాదియా కళ్లలో నీళ్లు తిరిగాయి.

దడ్... దడ్...

"నీ గుండెనా అక్కా?" గుసగుసగా అడిగాడు మంజునాథ్.

ఆమె మణికట్టు పట్టి చూసుకుంది. తన గుండె పరుగెడుతోంది. ఇది తాపీగా కొట్టుకుంటోంది. మంజునాథ్ ఛాతీమీద చెయ్యేసుకుని, కాదన్నట్టు తలూపాడు.

సాదియా లేజర్ ఆపేసింది. వెలుగు లేకపోతే పొర సంగతి స్పీకర్‌కు చేరే దారే లేదు.

దడ్... దడ్...

ఎన్నడూ తడి ఎరగని ఆ గదిలో, అప్పుడే తవ్విన మట్టి వాసన.

"పోదాం పా అక్కా. నాకెందుకో బాగలేదు."

"ఉండప్పా, రికార్డు కానీ. యాడన్నా వెలుగు దూరుతాందేమో సూడు."

అతను వెనకాడాడు. అయినా అక్క మాట తీసెయ్యలేక, వంగి డబ్బాకున్న గాజు కిటికీలోకి చూశాడు.

చప్పుడు ఆగింది.

"మంజూ..."

వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. భుజంమీద చెయ్యేసింది. చల్లగా... రాతిగోడకన్నా చల్లగా...

మెల్లగా తిరిగి నవ్వాడు. "ఏం లేదక్కా. పోదాం పా."

బయట మండే ఎండలో కూడా అతని ఒళ్లు వెచ్చబడలేదు. సాదియా ఆటో ఆపి ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సు అతని ఛాతీకి తీగలు అతికించి, తెరవైపు చూసి ముఖం చిట్లించింది. గీత తిన్నగా పోతోంది. మిషన్ చెడిందేమోనని తీగలు తనకు పెట్టుకుంది. గీత ఎగిరెగిరి పడింది. మళ్లీ అతనికి పెట్టింది.

తిన్నగా... ఇసుమంత కదలిక లేకుండా...

"కాసిన్ని నీళ్లీ అక్కా," అన్నాడు మంజునాథ్. "దప్పికైతాంది."