బతికుండగానే దండ

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు, పోపులో ఆవాలు చిటపటలాడుతుండగా, ముందు గదిలోంచి మళ్ళీ ఆ నవ్వులు వినబడ్డాయి. దుర్గాబాయి చేతిలో గరిటె ఆగిపోయింది. మొదట మొగుడి నవ్వు, వెనకే కూతురి నవ్వు. ఇంట్లో నవ్వులు వినబడితే ఏ ఇల్లాలికైనా సంతోషమే. కానీ గురువారం గుండె ఆపరేషను పెట్టుకున్న మనిషి ఏం చూసి నవ్వుతున్నాడో ఆమెకు తెలుసు. అందుకే ఒళ్ళు మండింది.

ఓదెలు మేడ్చల్ డిపోలో కండక్టరు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. నెల కిందట డ్యూటీలో ఉండగానే ఛాతీ పట్టుకుని కూలబడితే, సికింద్రాబాదులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడుచోట్ల రక్తనాళాలు పూడుకుపోయాయి, బైపాస్ చెయ్యాలన్నారు. ఆ రోజు నుంచి దుర్గాబాయి ఇంట్లో ఒక చట్టం పెట్టింది. చావు అన్న మాట ఈ గడప లోపల పలకకూడదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ముఖం వేలాడేస్తే గుమ్మంలోనే ఆపి, చిన్న ఆపరేషనే, ఏం కాదు అని తానే ధైర్యం చెప్పి పంపేది. ఫోన్ల బెడద పడలేక రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. సీరియల్లో ఎవరైనా మంచాన పడితే చానెల్ మార్చేసేది.

అంత కట్టుదిట్టం చేసిన ఇంట్లోకి కన్నకూతురే దొంగదారిన చావును తెచ్చిపెట్టింది. సుస్మిత సిటీలో జర్నలిజం చదువుతోంది. కోర్సు పూర్తవాలంటే పది నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలట. దానికోసమని ఏవేవో దేశాల సినిమాల డీవీడీలు తెచ్చి వేసేది. అన్నింట్లోనూ ఒకటే గోల. ఎవడో చచ్చిపోతాడు, లేదా చచ్చిపోతానని తెలుసుకుంటాడు, లేదా అసలెందుకు బతుకుతున్నానా అని గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. దానికి చూసేవాళ్ళు నవ్వాలి. ఏడవాల్సిన చోట పళ్ళికిలించే ఆ దేశాలకు దుర్గాబాయి మనసులోనే శాపనార్థాలు పెట్టేది.

ఆమె గరిటెతోనే ముందు గదిలోకి వచ్చింది. టీవీలో ఒక ముసలాయన శవపేటికల దుకాణంలో, పెట్టెలోకెక్కి పడుకుని, దుకాణదారుతో గొడవ పడుతున్నాడు.

"ఏమంటుండే?" అడిగాడు ఓదెలు.

"ఇంకొంచెం ఎడల్పుది చూపియ్యమంటుండు నాయినా. పక్కకు తిరిగి పండే అలవాటున్నదట" అంది సుస్మిత.

ఓదెలు పొట్ట పట్టుకుని నవ్వాడు. దుర్గాబాయి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"పొద్దుగాల పొద్దుగాల ఇంట్ల గీ పీనుగుల సిన్మాలేందే? సిగ్గున్నదా నీకు?"

"నాయినే పెట్టుమన్నడమ్మా."

"ఆయనకు బుద్ధి లేదు. సదువుకున్నదానివి, నీకేమైంది?"

"దాన్నెందుకంటవ్ గని" అన్నాడు ఓదెలు మెల్లగా. "దుర్గా, గురువారం నాడు ఒకవేళ..."

"ఒకవేళ లేదు, గికవేళ లేదు. నీకేం గాదు!"

ఆయన ఆరిపోయిన టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దుర్గాబాయి వంటింటి వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే గల్లీ మొగదల నుంచి శోకాలు వినబడ్డాయి. ఒకరూ ఇద్దరూ కాదు, ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు గొంతెత్తి ఏడుస్తున్నారు. ఇరుగుపొరుగు గేట్ల దగ్గరికి పరుగెత్తారు. ఓదెలు చొక్కా తగిలించుకుని, "ఎవలో పోయినట్టున్నరు పాపం" అంటూ బయటికి నడిచాడు.

ఇంటిముందు ట్రాక్స్ జీపు ఆగి ఉంది. దాంట్లోంచి ఓదెలు అక్క విజయమ్మ దిగుతోంది. ఆమెది శామీర్‌పేట. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ, కళ్ళు కనబడని ఏడుపుతో తూలుతూ వస్తోంది. ఓదెలు ఒక్క పరుగున వెళ్ళి అక్కను పట్టుకున్నాడు.

"అక్కా, ఏడువకే! ఎవలు పోయిండ్రే?"

"ఇంకెవలు? నా తమ్ముడు! రాఖీ పున్నం ముంగట పెట్టుకొని నన్నాగం జేసి పోయిండు!" అంటూ విజయమ్మ ఆ తమ్ముడి భుజం మీదే తల వాల్చి బావురుమంది.

ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. విజయమ్మ తలెత్తి చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఓదెలు చెంప ఫెడీమని మోగింది. ఆ వెంటనే మెడ పట్టుకుని ఇందాకటికంటే గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. జీపులోంచి దిగిన ఒకాయన తెచ్చిన పూలదండను ఏం చెయ్యాలో తెలియక వీపు వెనక దాచుకున్నాడు. ఓదెలు అది చూశాడు. పాపం, ఆయన పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"నవ్వకు!" అని అరిచింది దుర్గాబాయి. "బాలేష్, ఏందిరా ఇది? ఎవలు చెప్పిండ్రు మీకు?"

బాలేష్ విజయమ్మ కొడుకు, ఆటో నడుపుతాడు. నేరస్థుడిలా ముందుకొచ్చాడు.

"తెల్లారంగ మేడ్చల్‌ల సవారీని దించిన అత్తమ్మా. బస్టాండు కాడ ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపున్నది గదా, అద్దంలకెళ్ళి మామ ఫొటో కనబడ్డది. బొట్టు పెట్టి, గంధం చెక్కల దండ ఏసి ఉన్నది. షాపు మూసున్నది, అడుగుదామంటే ఎవ్వల్లేరు."

"ఇంటికొక్క ఫోను జెయ్యొద్దారా?"

"నాలుగుసార్లు జేసిన. ఎంగేజి ఒచ్చింది. ఇగ చుట్టాలందరు చేస్తున్నరేమో అనుకున్న."

గూట్లో ఫోను పక్కన పడుకోబెట్టిన రిసీవరు దుర్గాబాయి కళ్ళ ముందు మెదిలింది. ఆ తప్పు తనదేనని ఒప్పుకునే స్థితిలో ఆమె లేదు. కోపం వెళ్ళడానికి ఒక దారి కావాలి. ఆమె గిరుక్కున కూతురి వైపు తిరిగింది.

"గా ఫొటో ఎవలిచ్చిండ్రే షాపుల?"

సుస్మిత తల దించుకుంది. "సినిమాకోసమే అమ్మా..." అంది. మాట పూర్తి కాకముందే దెబ్బ పడింది.

"కన్నతండ్రికి బతికుండంగనే దండేస్తవా? మూడొద్దులల్ల కత్తి కింద పండే మనిషికి?"

"గా సిన్మాలన్ని పొయ్యిల పెట్టు మరదలా. ఇంటికి అరిష్టం" అంది విజయమ్మ. "ముందుగాల మిరపకాయలతోని దిష్టి తియ్యి."

దుర్గాబాయి టీవీ కిందున్న డీవీడీలన్నీ చీరకొంగులోకి ఊడ్చుకుంది. పెరట్లో నీళ్ళ పొయ్యి కింద కట్టెలు ఎర్రగా మండుతున్నాయి. ఆమె పెరట్లోకి దూసుకెళ్తుంటే సుస్మిత అడ్డంపడి, అవి కాలేజీవని, తిరిగి ఇవ్వాలని బతిమాలింది. తల్లి ఆమెను పక్కకు తోసేసింది.

"ఆపు!" వెనకనుంచి ఓదెలు అరిచాడు. నెల రోజులుగా ఆయన గొంతు అంత పైకి లేవలేదు. "పిల్లను కొట్టుడు కాదు, నన్ను కొట్టు. ఫొటో ఇచ్చింది నేను. దండ ఏయించింది నేను. బొట్టు గూడ నేనే పెట్టుమన్న. కథ గూడ నాదే."

"నేను వద్దనే చెప్పిన నాయినకు" అంది సుస్మిత ఏడుస్తూ.

"కథనా? ఏం కథరా?" అంది విజయమ్మ.

"ఒక కండక్టరు పొద్దుగాల డ్యూటీకి పోతుంటడు. షాపుల తన ఫొటోకే దండ కనబడ్తది. అయ్యో, నేను సచ్చిపోయిన్నా, నాకెవ్వరు చెప్పలే అనుకుంటడు. ఇంటికి పోదామంటే సెలవు శాంక్షన్ గాలేదు. ఇగ సచ్చినోడు సచ్చినట్టే డ్యూటీ ఎక్కుతడు."

బాలేష్ నవ్వు ఆపుకోలేక ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. దుర్గాబాయికి మాత్రం కళ్ళు చీకట్లు కమ్మాయి.

"సావంటే ఆటలైనయా నీకు? భయం లేదా?"

"ఉన్నది" అన్నాడు ఓదెలు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "మస్తున్నది."

అలా అంటూనే పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాడు. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. అందరి పైప్రాణాలు పైనే పోయాయి. విజయమ్మ నీళ్ళు నీళ్ళు అని అరిచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నొప్పి గాదు. మీరంత జర ముందట కూసోండ్రి. నాకు దుర్గతోని మాట్లాడేదున్నది."

సుస్మిత కళ్ళు తుడుచుకుని మేనత్తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దుర్గాబాయి కొంగులో డీవీడీలతో అలాగే నిలబడింది.

"నెల రోజుల సంది చెప్పాలనుకుంటున్న" అన్నాడు ఓదెలు. "నేను నోరు తెరుస్త. నువ్వు ఏం గాదంటవు. ఏం గాదన్నంక ఇగ నేనేం చెప్పాలె? నాకు భయమైతాందని ఎవలికి చెప్పుకోవాలె? గా సిన్మాలల్ల వాళ్ళు చెప్తుండ్రు. ఒకడు పెట్టె కొల్తలు తీస్కుంటడు. ఇంకోడు సావును జర ఆగుమని బతిలాడుతడు. అందరు నాలెక్కనే గజగజ వణుకుతుండ్రు. సూస్తె నవ్వొస్తది. నవ్వినంక రొమ్ము మీద బరువు జర అల్కగైతది. పిల్ల నా పక్కన కూసొని ఇంటది. నువ్వు ఇంటలేవు దుర్గా."

దుర్గాబాయికి ఎవరో నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. చావు ఇంట్లోకి రాకుండా గుమ్మంలో కాపలా కాస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. లోపల ఈ మనిషి దానితో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు పక్కన పడుకున్న మనిషి భయాన్ని ఒక్కసారైనా విననివ్వలేదు తను. మళ్ళీ ధైర్యం చెబుతున్నానన్న గర్వం ఒకటి! ఆమె డీవీడీలను అరుగు మీద పెట్టి, మెట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. ఇంట" అంది.

ఓదెలు గొంతు సవరించుకున్నాడు.

"గుండెను ఆపుతరట. గంటన్నర. నెత్తురును మిషను తిప్పుతదట. పని అయినంక మళ్ళ నడిపిస్తరట. డాక్టరు మంచిగనే చెప్పిండు. గని గా గంటన్నర నేనేడుంట? గదే సమజైతలేదు నాకు. ఇన్నేండ్ల సంది బస్సులల్లనే బతికిన. బస్సాగితే దిగుతం, కాళ్ళు చాపుకుంటం, ఛాయ్ తాగుతం. గుండె ఆగితే ఏడ దిగాలె దుర్గా? దిగినంక బండి నన్నిడిసిపెట్టి పోతే?"

ఆమె నోట్లో అలవాటైన మాట మెదిలింది. దాన్ని మింగేసింది. ఎక్కడుంటాడో ఆమెకు మాత్రం ఏం తెలుసు? డాక్టరుకు తెలుసా? ఎవరికి తెలుసు? ఆ తెలియనితనం ఆమెను కూడా నెల రోజులుగా లోలోపల తినేస్తోంది.

"నాక్కూడ తెల్వది" అంది. "నాక్కూడ భయమైతాంది. రోజు తానం జేసేటప్పుడు మీ ఇద్దరికి ఇనబడొద్దని నల్లా ఇప్పిపెట్టి ఏడుస్తున్న."

ఓదెలు తెల్లబోయి ఆమెవైపు చూశాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇద్దరికీ కళ్ళు నిండాయి. ముందు గదిలో విజయమ్మ ముక్కు చీదడం, కప్పులు కదిలిన చప్పుడు వినబడుతున్నాయి. కొంతసేపటికి దుర్గాబాయి కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"దిగకు" అంది.

"ఆఁ?"

"బండి ఆపినా నువ్వు దిగకు. కాళ్ళు పట్టేసినయని, ఛాయ్ తాగుతనని దిగినవంటే నా అంత సెడ్డది ఉండది. గంటన్నరే గద. నీ సీట్ల నువ్వు కూసో."

ఓదెలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"డ్రైవరు దిగినా?"

"డ్రైవరు దిగితే నీకెందుకు? నువ్వు దిగొద్దు" అంది దుర్గాబాయి. ఆమె పెదవుల మీద నవ్వు వచ్చేసింది. "నేను బయటనే నిలబడి ఉంట. నీ బండి ఒచ్చేదాంక యాడికి పోను."