ఉండుండి ఆగే కారు

పూర్తిగా పాడైపోయిన కారుని బాగుచెయ్యడం తేలిక. విరిగింది విరిగినట్టే కనిపిస్తుంది, కాలింది వాసన కొడుతుంది. ఉండుండి వచ్చే జబ్బుతోనే చావు. రోడ్డు మీద ప్రాణం తోడేస్తుంది, షెడ్డులోకి రాగానే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది అలాంటి జబ్బుల్ని పట్టుకునే పని. కార్ల వైరింగ్ మెకానిక్‌ని. నా పేరు హోల్గర్.

మాది ఉత్తర స్వీడన్‌లో అడవుల మధ్య ఊరు. ఒకప్పటి పాలకేంద్రమే నా షెడ్డు. మేడ మీద రెండు గదుల్లో నేనుంటాను. నా భార్య విడిపోయి వెళ్ళి పన్నెండేళ్ళయింది. మేడ మీద మాట వినబడిందంటే రేడియోలోదే.

డాగ్నీ గారు మొదటిసారి అక్టోబరులో వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. ఉండేది మాత్రం ఇరవై రెండు కిలోమీటర్ల అవతల, సరస్సు ఒడ్డున, గ్రోన్‌సెలే అనే పల్లెలో. రోడ్డు అక్కడితో ఆఖరు. ఒకప్పుడు పద్నాలుగు ఇళ్ళలో దీపాలు వెలిగేవి. ఇప్పుడు వెలిగేది ఆవిడ ఇంట్లోనే. భర్త ఎస్కిల్ పోయి రెండేళ్ళు. ఆయన వదిలి వెళ్ళిన ఇరవై రెండేళ్ళ నాటి పొడుగాటి కారే ఆవిడకి కాళ్ళు. ఏ కంపెనీదో చెప్పను. ఆ కంపెనీ తప్పేం లేదు.

"ఆగిపోయింది" అన్నారు తాళంచెవి నా చేతిలో పెడుతూ.

"ఎలా ఆగింది?"

"ఎలా ఏముంది నాయనా, ఆగింది. ఇంజను, దీపాలు, హీటరు, అన్నీ ఒకేసారి. పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత తాళం తిప్పితే కుక్కపిల్లలా లేచింది."

"ఎక్కడ?"

"పాత బస్ షెల్టర్ దగ్గర."

ఆ షెల్టర్ నాకు తెలుసు. రోడ్డు పక్కన చెక్కలతో కట్టిన గూడు, లోపల ఒక బెంచీ. ఎక్కేవాళ్ళు లేరని ఆ బస్సు ఆపేసి తొమ్మిదేళ్ళు దాటింది. గూడు మాత్రం ఎవరూ పీకలేదు.

కారుని వారం రోజులు ఉంచుకున్నాను. రాత్రంతా బయట మంచులో వదిలి పొద్దున్నే స్టార్ట్ చేశాను. కరెంటుని కలిపి తెంపే రిలే డబ్బాలన్నిటినీ జుట్టు ఆరబెట్టే మిషన్‌తో ఒక్కొక్కటిగా వేడి చేశాను. వైర్లు పట్టి ఊపాను, స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. పెట్రోల్ పంపు రిలే మార్చాను. ఊళ్ళో యాభై చుట్లు తిరిగాను. ఒక్కసారీ ఆగలేదు. ఇచ్చేశాను. మూడో రోజున మళ్ళీ ఆగింది.

అప్పట్నుంచి ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఇంటి దాకా వెళ్ళేవాణ్ణి. అలా నాలుగుసార్లు. షెల్టర్ దగ్గరికి రాగానే ఇద్దరం మాటలాపి ఇంజను వినేవాళ్ళం. నిక్షేపంలా నడిచేది. ఇంటికి చేరాక ఆవిడ వంటింట్లో కాఫీ, అందులో మా వైపు అలవాటు ప్రకారం జున్ను ముక్కలు. ఆవిడే మళ్ళీ నన్ను ఊళ్ళో దింపి వెళ్ళేవారు. ఆ తిరుగు ప్రయాణంలో, ఒక్కరే ఉన్నప్పుడు, మళ్ళీ ఆగేది.

ఆగిన రోజులన్నీ ఒక పుస్తకంలో రాసుకొచ్చారు. మొత్తం తొమ్మిదిసార్లు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా లేదు. అన్నీ ఇంటికి వెళ్ళేటప్పుడే, అన్నీ ఒంటరిగా ఉన్నప్పుడే.

పుస్తకం మూసి నేనన్న మాట ఇప్పటికీ నన్ను తింటోంది.

"డాగ్నీ గారూ, మీ కారుకి ఏ జబ్బూ లేదు. కాఫీకి తోడు కావాలంటే పిలవండి, వస్తాను. కారు పేరు చెప్పక్కర్లేదు."

ఆవిడ పుస్తకం వెనక్కి తీసుకున్నారు. మెడ చుట్టూ ఉన్న శాలువా సర్దుకున్నారు. "మరి ఆగితే ఏం చెయ్యమంటావు?" అన్నారు మామూలుగానే.

బానెట్ ఎత్తి నల్ల డబ్బా ఒకటి చూపించాను. "ఈ రిలేని వేలితో గట్టిగా తట్టండి. చాలు."

మాట వదిలించుకోవడానికి చెప్పిన సలహా అది.

డిసెంబరు మధ్యలో వచ్చే దీపాల పండుగ లూసియాకి ముందురోజు మైనస్ ముప్పై ఒకటి డిగ్రీల చలి. చర్చిలో పిల్లల పాటలకి ఆర్గన్ వాయించి, మూడింటికి బయల్దేరారట. షెల్టర్ దగ్గర ఆగింది. ఆ రోజు పది నిమిషాలతో పోలేదు, నలభై నిమిషాలు. ఫోను అందని చోటు. ఆవిడ దిగి, బానెట్ ఎత్తి, చేతి తొడుగులు తీసి, నేను చూపించిన రిలేని వేళ్ళతో తడుతూ నిలబడ్డారు. చివరికి తాళం తిప్పితే స్టార్ట్ అయ్యింది. ఇంటికి చేరి అంబులెన్స్‌కి ఫోన్ చేసేసరికి రెండు చేతుల వేళ్ళూ తెల్లగా చచ్చుపడిపోయాయి. మూడు వేళ్ళ కొసలు తీసెయ్యాల్సి వచ్చింది.

నేనే వెళ్ళి కారుని మా షెడ్డుకి లాక్కొచ్చాను. ఆసుపత్రికి వెళ్ళే ముఖం మాత్రం లేకపోయింది.

ఈసారి ఆవిడ మాట నమ్మి మొదలుపెట్టాను. పక్కన మనిషి ఉంటే ఆగదు, లేకపోతే ఆగుతుంది. మరి మనిషి ఉంటే మారేదేమిటి? బరువు. పక్క సీటు విప్పి, కింద కార్పెట్ ఎత్తాను. తడి. బూట్ల మంచు ఏళ్ళ తరబడి కరిగి కిందికి దిగింది. అక్కడే, పెద్ద వైర్ల కట్ట మధ్య, ఒక కనెక్టర్ పచ్చగా చిలుం పట్టి ఉంది. ఇంజను నడుస్తుండగా దాన్ని పట్టుకుని ఊపాను. టక్కున ఆగిపోయింది.

ఆ నేల మీదే కూర్చుండిపోయాను. పాపం, ఆవిడ చెప్పిందంతా నిజమే. మనిషి కూర్చుంటే ఆ బరువుకి కనెక్టర్ బిగుసుకుంటుంది, లేస్తే వదులవుతుంది. ఇంత చిన్న సంగతి పట్టుకోలేక ఒక ఆర్గన్ వాయించే మనిషి వేళ్ళు పోగొట్టాను.

చిలుం పట్టిన ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేశాను. పక్క సీట్లో మనిషి ఉన్నాడా లేడా అని కారుకి చెప్పే వైరు కూడా ఆ కట్టలోనే పోతుంది. నిలకడగా ఉందో లేదో చూద్దామని దానికి నా మీటరు తగిలించాను. సీటు ఖాళీగా ఉంటే నాలుగు వందలు చూపించింది. నేను కూర్చుంటే నలభైకి దిగింది. లేస్తే మళ్ళీ నాలుగు వందలు. బాగుంది. మీటరుని అలాగే ఉంచి, గేరు పక్కన టేపుతో అంటించి, మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకి బయల్దేరాను. ఒక్కణ్ణే.

డిసెంబరులో మాకు రెండింటికే పొద్దు గూకుతుంది. ఊరి దీపాలు వెనకబడ్డాక రెండు వైపులా పైన్ చెట్లు, మధ్యలో తెల్లటి రోడ్డు. హీటరు వెచ్చగా ఊదుతోంది. ఇంజను మెత్తగా నడుస్తోంది. చాలా రోజుల తర్వాత ఈల వేశాను కూడా. ఈ కారులో ఇదే దారిలో నాలుగుసార్లు వచ్చినా, ప్రతిసారీ పక్కన ఆవిడ ఉన్నారు. ఇందులో ఒంటరిగా రావడం ఇదే మొదలు.

షెల్టర్ వెలుగులోకి వచ్చింది.

ఇంజను ఆగిపోయింది.

దీపాలు పోయాయి. హీటరు పోయింది. కారు మంచు మీద కొంత దూరం జారి, సరిగ్గా గూడు ఎదురుగా నిలిచింది. పక్క తలుపు అటువైపు ఉంది.

ముందు చిరాకే వేసింది. ఇంకో వైరేదో ఉంది, అనుకున్నాను. టార్చి కోసం జేబులో వెతికాను, షెడ్డులోనే మర్చిపోయాను. చీకట్లో వెలుగుతున్నది మీటరొక్కటే, దాని సొంత బ్యాటరీ మీద. నాలుగు వందలు.

వేడి ఇంజను చల్లబడుతూ టిక్... టిక్... మంటోంది. గాలి లేదు. చెట్లలో కదలిక లేదు. అంత నిశ్శబ్దంలో నా కోటు నలిగిన చప్పుడు కూడా వినిపించింది.

తర్వాత ఒక వాసన. తడిసిన ఉన్ని. దాని కింద కిరసనాయిలు. చాలాకాలం మూసి ఉంచిన ఇంటి తలుపు తీసినప్పుడు వచ్చే వాసన.

మీటరు వైపు చూశాను.

మూడు వందల ఎనభై.

తలుపు తెరుచుకోలేదు. అది మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

మూడు వందలు... రెండు వందల పది...

నేను కూర్చున్నప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోయింది. ఇది అలా లేదు. ఆగి ఆగి దిగుతోంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలి మనిషి చేత్తో ఆసరా పట్టుకుని కొంచెం కొంచెంగా సీట్లోకి దిగుతున్నట్టు...

నూట నలభై... నూట పది...

సీటు స్ప్రింగు కిర్రుమంది.

తొంభై. అక్కడ నిలిచింది.

ముప్పై నాలుగేళ్ళలో నా మీటరు నాకు అబద్ధం చెప్పలేదు. కుడివైపుకి తల తిప్పలేదు నేను. మెడ తిరగలేదు, అంతే. చెయ్యి దానంతటదే తాళం దగ్గరికి పోయి తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. దీపాలు వెలిగాయి. వెంటనే పక్క సీటు బెల్టు పెట్టుకోలేదని కారు మోగడం మొదలుపెట్టింది.

టింగ్... టింగ్... టింగ్...

ఆ మోత ఆగదు. నాకు తెలుసు. మనిషి లేచేదాకానో, బెల్టు పెట్టేదాకానో ఆగదు. చెవులు మూసుకోవాలనిపించింది. ఎప్పుడో మా అమ్మని ఎక్కించుకున్నప్పుడు అనే మాట, అదే గొంతుతో, నా నోట్లోంచి వచ్చేసింది.

"బెల్టు పెట్టుకోండి..."

టింగ్... టింగ్...

క్లిక్.

మోత ఆగింది.

బండి నడిపాను. వెనక్కి తిప్పడానికి ఆ ఇరుకు రోడ్డులో చోటు లేదు. అయినా తిప్పే ధైర్యం ఉండేది కాదు. పోవాల్సింది ఎటో కారుకి తెలుసన్నట్టు ఎనిమిది కిలోమీటర్లు నడిపాను. ఎడమ చెంపకి హీటరు వేడి కొడుతోంది. కుడి చెంప చల్లబడి చివరికి స్పర్శ పోయింది. ఒకసారి... ఒక్కసారి... పక్కనుంచి నిట్టూర్పు వినిపించింది. దూరం నుంచి వస్తున్నవాళ్ళు ఇల్లు దగ్గర పడితే విడిచే నిట్టూర్పు.

గ్రోన్‌సెలేలో రోడ్డు డాగ్నీ గారి వాకిట్లోనే ముగుస్తుంది. ఆపాను. స్టీరింగ్ మీద తల పెట్టి కళ్ళు మూసుకున్నాను. క్లిక్‌మంది. ఎంతసేపటికో కళ్ళు తెరిస్తే మీటరు నాలుగు వందల దగ్గరుంది. హెడ్‌లైట్ల వెలుగులో వాకిట్లో మంచు. రాత్రి కురిసింది కురిసినట్టే, పక్షి కాలి గుర్తు కూడా లేకుండా.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. రెండు చేతులకీ మణికట్టు దాకా లావుపాటి కట్లు.

"నా మాటే తప్పు" అన్నాను నిలబడే. "క్షమించండి."

"కూర్చో ముందు. మనిషివి పాలిపోయి ఉన్నావు." కాసేపు నన్ను పరికించి చూశారు. "ఒక్కడివే వెళ్ళావా?"

తల ఊపాను.

"ఆగిందా?"

"ఆగింది."

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు. "ఇంటి దాకా దింపావా? మధ్యలో వదిలెయ్యలేదు కదా?"

"దింపాను. ఎవరు డాగ్నీ గారూ?"

"మంచి పని చేశావు" అని మాత్రం అన్నారు.

గురువారం ఇంటికి పంపించేశారు. ఆవిడ కారుని షెడ్డులోనే వదిలి, నా వ్యానులో తీసుకెళ్ళాను. దారిలో ఎంతో చెప్పి చూశాను. మేడ మీద ఒక గది ఖాళీయేనన్నాను. వంట వచ్చన్నాను. ఆర్గన్ లేదు గానీ రేడియో ఉందన్నాను. ఆవిడ నవ్వారు.

"నువ్వు ఒంటరిగా ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

"నేను రెండేళ్ళే. నాకు చాలింది."

షెల్టర్ దగ్గర వ్యాను ఆగలేదు. ఆవిడ మాత్రం కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకెత్తారు, దారిలో తమ పల్లెవాళ్ళు కనిపిస్తే ఎత్తినట్టు.

వాకిట్లో దిగేసరికి మూడయింది, పూర్తిగా చీకటి. కొత్త మంచు మోకాలి దాకా ఉంది, మెట్ల మీద కూడా ఎవరూ తొక్కని మంచు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఇల్లు తాళం వేసే ఉంది. ఇంట్లో దీపం లేదు. ఆవిడ సంచి తీసుకుని వెనకే వస్తున్నాను. ఆ చేతులతో తాళం తియ్యలేరు కదా అని, "ఆగండి, నేను తీస్తాను" అన్నాను.

"అక్కర్లేదు నాయనా. సంచి అక్కడ పెట్టేసి వెళ్ళు. చీకటి పడింది."

ఆవిడ మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డారు. తట్టలేదు. పిలవలేదు.

తలుపు లోపలినుంచి తెరుచుకుంది.

అప్పుడే కాచిన కాఫీ వాసన బయటికి వచ్చింది. దాని వెనకే తడిసిన ఉన్ని వాసన. లోపల చీకటి. డాగ్నీ గారు గడప దాటి, ఆ చీకట్లోకి, విసుగూ ప్రేమా కలిసిన గొంతుతో అన్నారు.

"సరే, సరే. అందరూ ఒక్క అడుగు వెనక్కి జరగండి. నన్ను బూట్లు విప్పుకోనివ్వండి."