ఎర్రగడ్డలు అయిపోయినాయి

"జలాంతర్గామి అంటే తెలుసా?" అడిగాడు చీఫ్.

"నీళ్ల అడుగున పోయే ఓడ సార్," అన్నాడు సోమన్న.

"ఇది అణుశక్తితో నడిచేది. శత్రువుల ఓడల్ని వేటాడే రకం. మన మిత్రదేశానిది. కోడ్ పేరు మకరం."

1959 మే నెల. కర్నూలులో గూఢచారి శాఖ వాళ్ల బోర్డు లేని బంగళా. మకరం సర్వీసు చరిత్ర మొత్తం మైక్రోఫిల్మ్‌కెక్కి మద్రాసులో చేతులు మారిందని చీఫ్ చెప్పాడు. అది ఎక్కడ మునిగింది, ఎక్కడ తేలింది, ఎంత లోతులో దాని ఒళ్లు మూలుగుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. విదేశీ ముఠా కొరియర్ మామిడి రైతు వేషంలో రేపు కడపలో బొంబాయి మెయిల్ ఎక్కుతాడు. ఫిల్మ్ బొంబాయి చేరితే, ఈ నిమిషాన హిందూ మహాసముద్రం అడుగున ఉన్న తొంభై మంది నావికులు ఇక పైకి రారు.

సోమన్నకు ముందు కలిగింది జాలి కాదు, కుళ్లు. రెండేళ్ల సర్వీసులో మకరం మూడు మహాసముద్రాలు చూసేసింది. తన పదకొండేళ్ల సర్వీసు కర్నూలు, కడప, మళ్లీ కర్నూలు.

"ఫిల్మ్ పట్టినవాడే ఆ దేశం వెళ్లి అప్పగిస్తాడు," అన్నాడు చీఫ్. సోమన్న ప్రాణం లేచొచ్చింది. "నువ్వు స్టేషన్ ముందు లక్ష్మక్క పూటకూళ్లింట్లో వంటవాడివి. మనిషిని గుర్తుపట్టి 'ఎర్రగడ్డలు అయిపోయినాయి' అని కేకెయ్యి. ఉల్లిపాయలు లేవని వంటవాడు అరిస్తే ఎవరూ అనుమానించరు. ప్లాట్‌ఫారం మీద మహానంది ఉంటాడు. వాడు పట్టుకుంటాడు."

లేచొచ్చిన ప్రాణం మళ్లీ చతికిలబడింది. మహానంది అప్పటికే జెనీవా చూసొచ్చాడు. చేతికి కెమెరా గడియారం. సోమన్నకు డిపార్టుమెంటు ఇచ్చింది రాగి సంగటి కెలికే తెడ్డు.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ కంచె సందులోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద మహానంది ఒంటరిగా లేడు. పక్కన మిస్ ఫెయిత్. అసలు పేరు విశ్వాసమ్మ, ఊరు నంద్యాల. ముఠాకూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. ఆమె నవ్వు మాత్రం పూర్తిగా మహానందికే.

పూటకూళ్లింట్లో మామిడి గంపలతో ముగ్గురు రైతులు తింటున్నారు. సోమన్న మూడోవాడి ముందు సంగటి ముద్ద పెట్టాడు.

"ఏమప్పా, యాడ మీది?"

"బనగానపల్లె. కాపు శానా బాగుండాది ఈసారి."

తలపాగా, చెవి పోగు, యాస, ఒక్కటీ తప్పు పట్టడానికి లేదు. కానీ ముద్ద తుంచి, ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడిలో అద్ది, నోట్లో వేసుకుని నమిలాడు. ఒకసారి కాదు, ప్రతి ముద్దా. సీమలో సంగటిని మింగుతారు. నమిలేవాడు ఇంకా పుట్టలేదు.

సోమన్న అరవడానికి నోరు తెరిచాడు. అప్పుడే విశ్వాసమ్మ మహానంది భుజం మీద చెయ్యేసింది. నోరు మూసేశాడు. నేను కనిపెడితే వాడు ఎగరేసుకుపోవాలా? నేనే పడతా.

రైలు కూత వేసింది. కొరియర్ గంప నెత్తికెత్తుకున్నాడు. గేటు దగ్గర సోమన్న అతని పంచె పట్టుకున్నాడు, డొక్కలో ఒక తన్ను తిన్నాడు. తెడ్డు ఒక పక్క, తను ఒక పక్క. రైలు కదిలింది. కొరియర్ చెయ్యి పెట్టె కమ్మీని అందుకుంది. తొంభై మంది.

"ఎర్రగడ్డలు అయిపోయినాయి," స్టేషనంతా దద్దరిల్లేలా అరిచాడు సోమన్న. అంత చేదు మాట జన్మలో ఎప్పుడూ పలకలేదు.

"గంపెడు ఉండాయి కదప్పా, ఏమొచ్చె నీకు?" అంది లక్ష్మక్క వెనక నుంచి.

మహానంది తలెత్తాడు. గెలిచేదెవరో లెక్కేసుకున్న విశ్వాసమ్మ గొడుగు కొరియర్ కాళ్లకు అడ్డం పెట్టింది. అతను బోర్లా పడ్డాడు, మహానంది అతని మీద పడ్డాడు. టెంక తీసేసిన ఒక మామిడిపండులో ఫిల్మ్ దొరికింది.

వారం తర్వాత మహానంది విమానమెక్కాడు. సాక్షిగా విశ్వాసమ్మ కూడా ఎక్కింది.

"అరవడానికి అంత ఆలస్యమెందుకైంది?" అడిగాడు చీఫ్.

"గొంతులో సంగటి అడ్డం పడింది సార్."

"సరేలే. నమలడం చూసి గూఢచారిని పట్టినవాడు దేశం మొత్తం మీద నువ్వొక్కడివే. నిన్ను బయటికి పంపితే మాకు దిక్కెవరు? రిటైరయ్యేదాకా నీకు కడపే పోస్టింగు."

సోమన్న తెడ్డు చంకన పెట్టుకున్నాడు. "అట్లయితే సార్," అన్నాడు, "రేపటి నుంచి నేను గూడా నమిలే తింటా. అప్పుడన్నా పరాయి దేశపోడినని పంపిస్తారేమో."